చట్టం కుట్టిన సంచి

మిర్యాలగూడ చుట్టుపక్కల కొనుగోలు కేంద్రాల్లో వడ్ల రాశుల పక్కన బేలు విప్పి పడేసిన గోనె సంచుల్ని తేరిపార చూసేవాళ్లు ఉండరు. తేమ ఎంత వచ్చింది, కాంటా ఎప్పుడు పెడతారు, లారీ ఎప్పుడొస్తుంది... రైతు ధ్యాసంతా వాటిమీదే. సంచి లేని రోజున మాత్రం ఊరంతా దాని ముచ్చటే. "బార్దాన్ రాలేదు" అన్న ఒక్క మాటతో అటు నల్లగొండలో, ఇటు మహబూబ్‌నగర్‌లో కాంటాలు ఆగిపోతాయి. ప్రభుత్వ రంగ సంస్థ పనితీరు గురించి ఎన్ని నివేదికలైనా రాయొచ్చు. రైతుకు తెలిసిన పౌర సరఫరాల సంస్థ పనితీరు ఈ సంచి వచ్చిందా రాలేదా అన్నదే. అందుకే ముందు సంచిని చూద్దాం. చూడదగ్గ వస్తువే.

ఒక కొత్త సంచి తీసుకుని ఎండకు ఎదురుగా పట్టుకుంటే బట్ట మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి. ఇది సాదా నేత కాదు, ట్విల్. వ్యాపారంలో దీని పేరు బీ-ట్విల్. పడుగు పోగులు రెండేసి జంటగా నడుస్తాయి, పేక ఒంటిగా నడుస్తుంది. పడుగు జంట రెండు పేకల మీదుగా దాటి ఒక పేక కింద దూరుతుంది. పక్క జంట అదే పని ఒక పేక ముందుకు జరిగి చేస్తుంది. ఆ జరగడమే మనకు కనిపించే ఏటవాలు గీత. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్లకు ఫలితం చెబితే చాలు. సాదా నేతలో కన్నా ట్విల్‌లో పోగుల్ని దగ్గరగా కూర్చవచ్చు. గింజ జారిపోదు, బట్ట మాత్రం బిరుసెక్కకుండా మెత్తగా వంగుతుంది.

పడుగు ఎందుకు జంటగా ఉందో తెలియాలంటే సంచి ఎలా కుట్టారో చూడాలి. మిల్లులో నేసిన గుడ్డ వెడల్పే సంచి వెడల్పు. దాన్ని సంచికి రెండింతల పొడవున కోసి, మధ్యకు మడిచి, రెండు పక్కలా కుడతారు. అంటే సంచి అడుగున కుట్టే లేదు, మడత మాత్రమే ఉంది. బస్తాను లారీ మీదనుంచి కిందికి వేసినప్పుడు దెబ్బ పడేది అడుగునే. కుట్టు పిగిలే అవకాశమే లేకుండా అక్కడ కుట్టునే తీసేశారు. పక్కల కుట్టు కూడా గుడ్డ అంచుల మీద పడుతుంది. కోసిన కొస కాదు, మగ్గం మీద పేక వెనక్కి తిరిగిన అంచు అది, పోగులు ఊడిరావు. కోసిన కొసలు మిగిలేది మూతి దగ్గర ఒక్కచోటే. అక్కడ మడిచి కుట్టి దాచేశారు. ఇక హమాలీ బస్తాను పై చెవులు పట్టి ఎత్తితే బరువంతా నిలువుగా, పడుగు మీద పడుతుంది. జంట పోగులు ఉన్నది అందుకే. ఎక్కడ బలం కావాలో అక్కడ నార పెట్టి, అక్కర్లేని చోట తగ్గించిన ఈ లెక్కను ఎవరో ఒక మేధావి ఒక్క రోజులో వేసి ఉండడు. హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదటి జనపనార మిల్లు 1855లో మొదలైంది. అప్పటినుంచీ పగిలిన సంచులు నేర్పిన పాఠం ఇది.

ఇంతవరకూ చేతిపని. ఇక కాగితం పని. ఈ సంచికి భారతీయ ప్రమాణాల సంస్థ ఒక నంబరిచ్చింది, ఐఎస్ 16186. 50 కిలోల ఆహారధాన్యాలకు, 94 సెంటీమీటర్ల పొడవు, 57 సెంటీమీటర్ల వెడల్పు, 580 గ్రాముల బరువు. 2014లో ఈ ప్రమాణం రాకముందు సంచి 665 గ్రాములుండేది. అంటే ఒక్కో సంచిలోంచి 85 గ్రాముల నార తీసేశారు. మోయాల్సిన బరువు మాత్రం అంతే ఉంది. వినడానికి చిన్న మాటే. కోట్ల సంచుల దగ్గర అది వేల టన్నుల జనపనార. పాత సంచికి అలవాటుపడ్డ హమాలీలు కొత్తది పలచన అంటారు. మాట నిజమే, పలచనే. అయినా నిలుస్తోంది. ఎనిమిదో వంతు నార తీసేసి పనికొచ్చే వస్తువును పనికొచ్చేలాగే ఉంచడం ఆషామాషీ పని కాదు.

ఈ 580 వెనక ఇంకో సూక్ష్మం ఉంది. జనపనార గాలిలో తేమను పీల్చుకుంటుంది. వానాకాలం కోల్‌కతాలో ఒక బరువు, ఏప్రిల్ నెల నల్లగొండలో ఇంకో బరువు తూగుతుంది. మరి ఏ బరువుకు డబ్బు కట్టాలి? నారలో 20 శాతం తేమ ఉన్నట్టు లెక్కగట్టి, ఆ లెక్కకు సరిచేసిన బరువే ఒప్పందపు బరువు అన్నది గోనె వ్యాపారంలో పాత పద్ధతి. నీళ్లు చల్లి బరువు పెంచిన సంచిని అమ్మడానికి వీల్లేదు, ఎండలో బరువు తగ్గిందని కొనేవాడు పేచీ పెట్టడానికీ వీల్లేదు. ఇద్దరి నోళ్లూ ఒకేసారి మూసిన వాక్యం అది. కొనుగోలు పత్రాల్లో ఇంత చక్కటి వాక్యాలు అరుదు.

అయితే ఆ తెలివి కల్లం దాకా రాలేదు. మన కేంద్రాల్లో బస్తాకు 40 కిలోల వడ్లు తూస్తారు. సంచి బరువు కింద సాధారణంగా 600 గ్రాములు కలుపుతారు. తాలు, తరుగు పేరుతో ఇంకా లాగే చోట్ల గొడవ వేరు, దాన్ని పక్కన పెడదాం. 580 గ్రాముల సంచికి 600 లెక్కగడితే బస్తాకు 20 గ్రాముల వడ్లు రైతువి అదనంగా పోతాయి. ఆ 580లో కూడా తేమ కలిసే ఉంది. పూర్తిగా ఎండిన నార బరువు 483 గ్రాములే. యాసంగి కోతల ఎండలో సంచి 580 తూగే ప్రశ్నే లేదు. పోనీ 20 గ్రాములే అనుకుందాం. 2020-21 యాసంగిలో తెలంగాణలో సుమారు 92 లక్షల టన్నుల వడ్లు కొన్నారు. బస్తాకు 40 కిలోల చొప్పున 23 కోట్ల బస్తాలు. అన్నీ కొత్త సంచులే, అన్నిచోట్లా 600 గ్రాముల కోతే అనుకుంటే 4,600 టన్నుల వడ్లు. ఆ ఏడాది గ్రేడ్-ఏ మద్దతు ధర క్వింటాలుకు 1,888 రూపాయల లెక్కన దాదాపు 8 కోట్ల 70 లక్షలు. గ్రాముల దగ్గర ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు కాంటా దగ్గర గుండ్రంగా 600 ఎందుకన్నారో ఆలోచించాల్సిందే.

50 కిలోల సంచిలో 40 కిలోలే ఎందుకు తూస్తారని పట్నం వాళ్లు అడుగుతుంటారు. వడ్లకు పొట్టు ఉంటుంది, గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఎక్కువ. 40 కిలోలకే సంచి మూతి దాకా వస్తుంది. అదే సంచిని మిల్లులో ఖాళీ చేసి బియ్యం పోస్తే 50 కిలోలు పట్టి, ఇంకా మూతి కుట్టుకోవడానికి జాగా మిగులుతుంది. ఒకే సంచి కల్లంనుంచి మిల్లుకు వడ్లు మోసి, మిల్లునుంచి ఎఫ్‌సీఐ గోదాముకు బియ్యం మోయగలదు. తర్వాత రేషన్ దుకాణం. ఖాళీ అయ్యాక మళ్లీ కల్లం. ఈ రెండు మూడు బతుకులకూ ఒకే కొలత సరిపోవడం ఈ సంచి అందాల్లో ఒకటి.

ప్లాస్టిక్ సంచి చవక కదా, ఎందుకీ గోనె అని వాదించేవాళ్లు ఒకసారి మిల్లు గోదాములో హమాలీలు నెట్టు కట్టడం చూడాలి. బస్తా మీద బస్తా మనిషికి మూడింతల ఎత్తు లేపుతారు. గోనె గోనెను పట్టుకుంటుంది, ప్లాస్టిక్ జారుతుంది. నాణ్యత చూసే అధికారి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగుతాడు. గొట్టం తీశాక గోనె పోగులు మళ్లీ దగ్గరకు జరిగి కన్నం మూసుకుంటుంది. ప్లాస్టిక్ పట్టీ తెగితే తెగినట్టే, అక్కణ్నుంచి చీలిక సాగుతుంది. హమాలీ కొక్కెం దిగిన చోట కూడా అంతే తేడా. పురుగు మందు పొగ పెట్టినప్పుడు అది గోనెలోంచి గింజ దాకా పోతుంది. గింజలోని తేమ బయటికి వస్తుంది. 17 శాతం దాకా తేమ ఉన్న వడ్లు తీసుకోవచ్చని నిబంధన. ఆ వడ్లు మిల్లు ఆవరణలో వారాల తరబడి ఉండాల్సి వస్తే ఊపిరాడే సంచే దిక్కు. గోనెకు లోపం లేదనడం లేదు. వానొస్తే తడుస్తుంది, తడిసి ఆరకపోతే మురుగుతుంది, కింది వరుస బస్తాలు మొలకలెత్తడం మనం ఏటా పేపర్లో చూస్తున్నదే. ఊపిరాడే గుణమే తడిసే గుణం కూడా.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఈ సంచిని కొనడం కోసం మన పౌర సరఫరాల సంస్థ నచ్చిన చోట టెండరు పిలిచి నచ్చిన సరుకు కొనలేదు. 1987లో పార్లమెంటు జనపనార ప్యాకింగ్ సామగ్రిని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఏయే సరుకుల్ని ఎంత శాతం గోనెలోనే నింపాలో కేంద్రం ఏటా ఉత్తర్వులిస్తుంది. చాలా ఏళ్లుగా ఆ ఉత్తర్వు ఆహారధాన్యాలకు నూటికి నూరు, పంచదారకు 20 శాతం. సిమెంటు కంపెనీలు అప్పట్లో ఈ చట్టం మీద కోర్టుకెక్కాయి. 1996లో దాల్మియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. తర్వాత సిమెంటూ ఎరువులూ ఆ జాబితాలోంచి జారిపోయాయి. ఈనాడు వాడపల్లి నుంచి సిమెంటు ప్లాస్టిక్ సంచుల్లో వెళ్తుంటే, ఆ పక్క పొలాల్లోంచి వడ్లు గోనెలో వెళ్తున్నాయి. బేరమాడగల సరుకు తప్పించుకుంది, ప్రభుత్వం కొనే సరుకు మిగిలింది.

చట్టం మొదటి వాక్యం చదివితే దాని మనసు తెలుస్తుంది. ముడి జనపనార ఉత్పత్తి, జనపనార సామగ్రి ఉత్పత్తి, వాటిలో పనిచేసేవాళ్ల ప్రయోజనం... ఇవీ అందులో ఉన్న మాటలు. వడ్లు పండించేవాడు అందులో లేడు, కొనే సంస్థ లేదు. దాచిపెట్టిందేమీ లేదు, చట్టం తాను ఎవరికోసమో నిజాయితీగానే చెప్పుకుంది. ఏటా ప్రభుత్వాలు కొనే సంచుల మీద దాదాపు 4 లక్షల మంది మిల్లు కార్మికులు, 40 లక్షల రైతు కుటుంబాలు ఆధారపడ్డాయని కేంద్రం చెబుతుంది. బెంగాల్ రైతు బతుకును మన కల్లం మోస్తోందన్నమాట. నాకు దాని మీద అభ్యంతరం లేదు. మన వడ్లను మద్దతు ధరకు కొనే డబ్బులో బెంగాల్ వాటా కూడా ఉంది.

మామూలుగా ప్రభుత్వం ఏదైనా కొనాలంటే నడిచే దారి వేరు. కొనుగోళ్ల మీద మన దేశంలో కేంద్ర చట్టమంటూ లేదు. 2012లో లోక్‌సభలో పెట్టిన బిల్లు మురిగిపోయింది. కేంద్రానికి 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ఉంది, జెమ్ పోర్టల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న ఉత్తర్వు ఉంది. తమిళనాడు, కర్ణాటకలు టెండర్ల మీద సొంత చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర జీవోలతో నడుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన నీటిపారుదల శాఖ జీవో 94 పేరు చెబితే పాలమూరు కాలువల మీద పనిచేసిన ఏ కాంట్రాక్టరైనా నిద్రలోంచి లేచి అప్పజెప్పగలడు. అంచనా విలువ మీద 5 శాతం మించి కోట్ చేస్తే చెల్లదు, 25 శాతం కన్నా తక్కువకు వేస్తే అదనపు గ్యారంటీ కట్టాలి. వీటన్నిటిలోనూ ప్రాణం ఒకటే. నలుగురు పోటీపడాలి, అందరికన్నా తక్కువ వేసిన ఎల్-1కి పని దక్కాలి.

గోనె సంచికి ఇది వర్తించదు. రాష్ట్ర సంస్థ సీజనుకు ముందే ఎన్ని బేళ్లు కావాలో కోల్‌కతాలోని జూట్ కమిషనర్‌కు ఇండెంటు పెట్టి, ముందుగా డబ్బు కట్టాలి. బేలుకు 500 సంచులు. ఏ మిల్లు ఎన్ని ఇవ్వాలో కమిషనర్ కార్యాలయమే పంచుతుంది. ధర కూడా వాళ్లదే, టారిఫ్ కమిషన్ సూత్రం ప్రకారం ముడి సరుకు ధరతో పాటు కదులుతుంది. ఎల్-1 లేదు, బేరం లేదు. 2016లో ఈ ఇండెంట్లన్నీ జూట్ స్మార్ట్ అనే పోర్టల్లోకి వచ్చాయి. అంతకుముందు ఇలాంటి కొనుగోళ్లు చూసిన డీజీఎస్‌అండ్‌డీ అనే పాతకాలపు మహా సంస్థ 2017 అక్టోబరు 31న తలుపులు మూసింది.

పోటీ లేకపోతే సరుకు నాసిరకంగా రావాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ తిరగబడింది. అదే కల్లంలో టెండరు మీద ఎల్-1కి కొన్న పరదా కూడా ఉంటుంది. రెండో సీజనుకే మడతల దగ్గర చిరిగిపోయిన పరదాలు ఎన్నో చూశాం. గోనె సంచి మాత్రం మూడో చేతికి పోయాక కూడా నిలబడుతుంది. తేడా ఎక్కడుందంటే, పరదా విషయంలో కొనేవాడు ధర మీద కన్నేశాడు. సంచి విషయంలో ధర ముందే తేలిపోయింది కాబట్టి కన్నంతా వస్తువు మీద పడింది. గ్రాములు, సెంటీమీటర్లు, పోగులు, తేమ, కుట్టు, మధ్యన నీలి చార, ఏ రాష్ట్రం, ఏ సీజను, ఏ మిల్లు అన్న అచ్చు. వస్తువును ఇంత నిక్కచ్చిగా కాగితం మీద కుట్టినవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేం.

కానీ ఆ కాగితంలో గ్రాములున్నంత గట్టిగా తేదీ లేదు. పౌర సరఫరాల సంస్థ అసలు తంటా అక్కడ మొదలవుతుంది.

కృష్ణ కింద సాగు సంగతి తెలిసిందే. ఆల్మట్టి నిండాలి, నారాయణపూర్ దాటాలి, జూరాలకు రావాలి, శ్రీశైలం గేట్లు ఎత్తాలి. అప్పుడు గానీ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడతాయా లేదా చెప్పలేం. అది తేలేసరికి జూలై ఆఖరో ఆగస్టో అవుతుంది. వానకాలం పంటకు సంచుల ఇండెంటు అంతకు ముందే వెళ్లాలి. 2023లో కృష్ణకు వరద రాలేదు, ఎడమ కాలువ కింద పొలాలు బీడుపడ్డాయి. మరుసటి ఏడాది వరద పోటెత్తింది. ఈ రెండేళ్లకూ ముందుగా సరైన బేళ్ల సంఖ్య రాయగల అధికారి ఎవరైనా ఉంటే ఆయన్ను నీటిపారుదల శాఖకు పంపడం మంచిది. ఎక్కువ రాస్తే డబ్బు ముందే ఇరుక్కుంటుంది. సంస్థ నడిచేది వేల కోట్ల బ్యాంకు అప్పుల మీద, ఇరుక్కున్న ప్రతి రూపాయికీ వడ్డీ పెరుగుతుంది. తక్కువ రాస్తే కల్లంలో కాంటా ఆగుతుంది. కేంద్రం ఖర్చు తిరిగి ఇచ్చేది తన కాస్ట్ షీట్‌లో ఉన్న లెక్క ప్రకారమే. సంచి ధర, పాత సంచి వాడకపు ఖర్చు, ఎండుదల, వడ్డీ, అన్నిటికీ గీతలు గీసి ఉంటాయి. గీత దాటిన ఖర్చు సంస్థ నెత్తినే.

పాలమూరు కథ ఇంకొంచెం వేరు. ఒకప్పుడు జొన్న, ఆముదం, పల్లి పండిన నేల. పల్లికాయ వనపర్తి, బాదేపల్లి మార్కెట్లకు పోయేది. జూరాల, భీమా, నెట్టెంపాడు, కోయిలసాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక ఎర్ర చెలకల్లో వరి పడింది. మిర్యాలగూడలో దశాబ్దాలుగా మిల్లులున్నాయి, ఖాళీ సంచులు చేతులు మారే అలవాటుంది. పాలమూరులో వరి పెరిగినంత వేగంగా ఆ అలవాటు పెరగలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడి హుగ్లీ ఒడ్డు మిల్లులు మూతపడ్డప్పుడు చట్టం బలహీనత బట్టబయలైంది. యాసంగి కోతలకు సరిగ్గా ముందు. సంచి ఇవ్వగల మిల్లు లేదు, వేరే సంచి వాడే అధికారం రాష్ట్రానికి లేదు. సడలింపు ఇవ్వగలిగింది కేంద్రమే, ప్లాస్టిక్ సంచులకు కొంత మేరకు ఇచ్చింది కూడా. తర్వాత అంఫన్ తుఫాను బెంగాల్ జనపనార పంటను కొట్టింది. ముడి సరుకు ధర ఎగబాకింది. 2021 సెప్టెంబరు చివర్లో క్వింటాలుకు 6,500 రూపాయలు మించరాదని పరిమితి పెట్టారు. ఆ ధరకు ముడి సరుకు దొరక్క కొన్ని మిల్లులు ఆగిపోయాయి. 2022 మేలో పరిమితి ఎత్తేశారు. ఇంత తతంగం బెంగాల్లో జరుగుతుంటే ఇక్కడ దేవరకద్రలోనో నిడమనూరులోనో కల్లంలో రైతుకు తెలిసేది బార్దాన్ రాలేదన్నదే. తిట్టేది కూడా దగ్గరున్న కొనుగోలు కేంద్రం వాళ్లనే.

ఆ దగ్గరున్నవాళ్ల పనితనం గురించి చెప్పకపోతే వ్యాసం అన్యాయమవుతుంది. కొనుగోలు కేంద్రాలు చాలాచోట్ల ఐకేపీ మహిళా సంఘాలు నడుపుతాయి. గ్రేడ్-ఏ వడ్లకు క్వింటాలుకు 32 రూపాయల కమీషన్. "అక్కా, మాకు సంచులెప్పుడిస్తరు?" అన్న ప్రశ్న పొద్దుటినుంచీ వినీ వినీ కూడా వరుస తప్పకుండా పుస్తకంలో పేర్లు రాసుకునే ఆడవాళ్లు వాళ్లు. వచ్చిన బేళ్లను ఎవరికెన్ని ఇవ్వాలో పంచడం ఊళ్లో ఎంత కష్టమో ఊళ్లో బతికినవాళ్లకు తెలుసు. తేమ చూసిన రాశికి మాత్రమే సంచులివ్వడం, ఇచ్చిన సంచుల సంఖ్య రాసుకోవడం, మిగిలినవి తిరిగి లెక్కపెట్టుకోవడం... కోల్‌కతా కార్యాలయం లక్షల బేళ్లతో చేసేదే వీళ్లు వందల సంచులతో చేస్తారు. తేదీ మాత్రం వీళ్లు తప్పరు, రైతు ఎదురుగా ఉన్నాడు గనక.

తర్వాత హమాలీ. నింపిన బస్తా మూతిని దబ్బనంతో కుట్టడం చూడండి. సుతిలి తాడు చేతిపొడవు కొలిచి తెంపుతాడు. మూతి రెండంచులు కలిపి ఒక మూల పిడికెడు గోనె పక్కకు లాగి, దాని చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి బిగిస్తాడు. అదే చెవి. అక్కణ్నుంచి దబ్బనం గుచ్చి లాగుతూ ఐదారు పొడుగు కుట్లలో రెండో మూలకు చేరతాడు. అక్కడ రెండో చెవి, ఒక ముడి. కుట్టుకూ కుట్టుకూ మధ్య సందు గింజ జారేంత ఉండదు. మరీ దగ్గరగానూ వేయడు, మిల్లులో విప్పేవాడికి ఒక్క లాగుడుకు ఊడిరావాలి. చెవి చిన్నదైతే ఎత్తేవాడి పట్టు జారుతుంది, పెద్దదైతే మూతి బిగువై కుట్టు పిగులుతుంది. ఈ కొలతలు ఏ ఐఎస్ ప్రమాణంలోనూ లేవు. నల్లగొండ మిల్లుల్లో ఇప్పుడు బీహార్ హమాలీలు ఎక్కువ. బెంగాల్ సంచి, తెలంగాణ వడ్లు, బీహార్ భుజం. మిల్లునుంచి బియ్యంగా బయటికి పోయేటప్పుడు మాత్రం మూతికి మిషన్ కుట్టు పడుతుంది, దాంట్లోనే మిల్లు పేరు, లాట్ నంబరు ఉన్న చీటీ చిక్కుకుంటుంది. అక్కణ్నుంచి ఆ బియ్యం చెడితే ఎవరిని అడగాలో ఆ చీటీయే చెబుతుంది.

కొనేవాడు ఖాయంగా ఉంటే ప్రభుత్వ సంస్థ బాగుపడుతుందని అనుకోవడానికి లేదు. నేషనల్ జూట్ మాన్యుఫాక్చర్స్ కార్పొరేషన్‌ను 1980లో ఆరు మిల్లులతో పెట్టారు. దాని ప్రధాన సరుకు ఈ ధాన్యం సంచే. కొనేవాడు ప్రభుత్వమే, కొనక తప్పని చట్టమూ ఉంది. అయినా దశాబ్దాలు నష్టాల్లోనే ఈదింది. 2018 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూసివేతకు ఒప్పుకుంది. అదే చట్టం నీడలో ప్రైవేటు మిల్లులు నడుస్తూనే ఉన్నాయి. చట్టం ఆర్డరు ఇవ్వగలదు, పాత మగ్గాలు మార్చుకునే తెలివి ఇవ్వలేదు. తెలుగు నేల మీద నెల్లిమర్ల మిల్లు 1920 నాటిది. ఉత్తరాంధ్ర గోగునార మీద నడిచిన మిల్లులు ఒక్కొక్కటే మూలపడుతుంటే చూశాం. 2021 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం మూడు జూట్ మిల్లుల కోసం ఒప్పందాలు చేసుకుంది, 20 ఏళ్ల పాటు సంచులు కొంటామన్న హామీతో. ఆలోచన మంచిదే. దూరం తగ్గితే తేదీ దగ్గరవుతుంది. కానీ జనపనార మన దగ్గర పండదు, నార మళ్లీ బెంగాల్ నుంచే రావాలి.

ఈలోగా సీజను గట్టెక్కిస్తున్నది పాత సంచి. రేషన్ డీలర్ల దగ్గర ఖాళీ అయినవి, మిల్లుల్లో మిగిలినవి వెనక్కి తెప్పించి మళ్లీ కల్లాలకు పంపుతున్నారు. ఒకసారి వాడిన సంచిని ఏరేవాడు ముందు అడుగు మడత చూస్తాడు. అక్కడ పోగు నలిగి మెరుస్తుంటే పక్కన పడేస్తాడు. తర్వాత చెవుల దగ్గర వేళ్లు దూర్చి లాగి చూస్తాడు. మధ్యలో కొక్కెం కన్నాలుంటే పట్టించుకోడు, దబ్బనంతో నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది. తడిసి నల్లబడ్డదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, వాసనొస్తే అది ఇక వడ్లకు పనికిరాదు. కాంటా దగ్గర దానికీ అదే 600 గ్రాములు.